బదనికపూలు: సామర్లకోటనుండి అనంతగిరికి

బదనిక యను మాటకు మన యిండ్లలో మర్యాద లేదు. మామిడితోటలో మాలి కత్తి పట్టి చెట్టెక్కినచో మొట్టమొదట కొట్టివేయునది బదనికనే. కాని యీ పేరు రెండు వేఱువేఱు మొక్కలకు జెల్లుచున్నదని సోదరీమణులలో చాలమంది యెఱుగరు. ఒకటి కొమ్మలోనికి తన వేరు చొనిపి, దాని సారమును బీల్చి, కొంతకాలమునకు ఆ కొమ్మనే యెండజేయును. రెండవది కొమ్మపై గూర్చుండుటయే కాని దానినుండి చుక్క నీరైనను గోరదు. గాలిలోని తేమ, బెరడుమీదుగా జాఱెడు వాననీరు, ఎండుటాకుల పొడి, ఇంతమాత్రముతోనే బ్రదుకును. జనులు ఆర్కిడ్డులని మక్కువతో గొనితెచ్చు పూలజాతిలో నీ రెండవది చేరినది.

అమరకోశము వల్లించినవారికి వనౌషధివర్గములోని వంద, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక యను పేళ్లు జ్ఞప్తికి రాగలవు. వృక్షాదని యనగా చెట్టును దినునది. వృక్షరుహ యనగా చెట్టుపై మొలచునది. పేళ్లను గలిపి చదువుకొన్న మనము మొక్కలను గూడ గలిపివేసితిమి కాబోలు! వంగదేశమున నీ పూలబదనిక వేళ్లనే రాస్న యని మందులలో వాడుదురు. మన వైద్యులు రాస్న యనిన దుంపరాష్ట్రమును దెచ్చుకొందురు.

ఈ మొక్కకును మన గోదావరిసీమకును గల సంబంధము చెప్పదగినది. సామర్లకోటకు మేము భీమేశ్వరస్వామి దర్శనమునకై తఱచు పోవుచుందుము. ఆ యూరనే 1781లో విలియం రాక్స్‌బరో యను కుంపినీ వైద్యుడు వచ్చి చేరెను. మిరియము, నీలిమందు, చెఱకు మొదలగువానిని తోట వేసి పరీక్షించుచు, ఈ తీరమున మొలచు మొక్కలనెల్ల మన దేశపు చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. వాని తెలుగు పేళ్లను సైతము వ్రాసికొనెను. 1793లో నాతడు కలకత్తా తోటకు బోయెను. పిదప 1795లో అచ్చుపడిన కోరమండలతీరపు మొక్కల గ్రంథమున మన బదనికయు జేరినది. సర్ విలియం జోన్సు సంస్కృతమునుండి గ్రహించిన వంద యను పేరును 1820లో రాబర్టు బ్రౌను వాండా యని శాస్త్రములో నిలిపెను. నేడు సింగపూరులోనైనను, అమెరికాలోనైనను ఈ పూలు పెంచువారు పలుకునది మన అమరసింహుని మాటనే. రాక్స్‌బరో తోట యెచ్చట నుండెడిదో చూపుడని సామర్లకోటలో అడిగితిమి. చూపగలవారు దొరకలేదు.

వాండాలను మైదానమున జూచుచుండిన మాకు కొండలమీది జాతులను జూడవలెనని చిరకాలముగా కోరిక. మొన్నటి జ్యేష్ఠమాసమున, బడులు తెఱచుటకు ముందు, మావారితోడను వదినెగారితోడను అరకు బయలుదేఱితిమి. విశాఖపట్టణమున ఉదయమే బండి యెక్కినచో కొత్తవలస దాటినది మొదలు రైలు కొండను జుట్టి జుట్టి యెక్కును. పదులకొలది సొరంగములు. చీకటి వచ్చినపుడెల్ల పిల్లలు కేకలు వేయుదురు, వెలుతురు రాగానే లోయ కనబడును. సిమిలిగుడ స్టేషను సముద్రమునకు వేయి మీటర్లకు ఇంచుక తక్కువ యెత్తున నున్నది. బొఱ్ఱాగుహలను గూర్చి పూర్వమే పలువురు వ్రాసియున్నారు గనుక మేము వ్రాయము.

అనంతగిరి కాఫీతోటలలో నీడకై నాటిన సిల్వరోకు చెట్లకు మిరియపుతీగెలు ప్రాకియుండును. అంతకంటె ముసలిదగు నొక పనసచెట్టుపై, తల యెత్తి చూడగా, జానెడేసి పొడవున వ్రేలాడు పూలగుత్తులు! తెలుపులో ఊదాచుక్కలు చల్లినట్లుండిన చిన్నచిన్న పూలు వందకు మించి యొక్క కాడకే యొత్తుగా గ్రుచ్చబడి యున్నవి. ఇంగ్లీషువారు దీనిని నక్కతోక యందురు. ఇంతకంటె మంచి పేరు వారికి దోచలేదు పాపము. అస్సాములో దీనిని కపౌఫూల్ అనియెదరు. వైశాఖపు బిహూ పండుగకు అచ్చటి పడుచులు దీనిని కొప్పున దుఱుముకొని యాడుదురు. అస్సామునకును, అరుణాచలమునకును రాష్ట్రపుష్ప మిదియే.

మఱునాడు దారిప్రక్కన నొక కొండమగువ పసుపు, పిప్పళ్లతోబాటు ఈ మొక్కలనే వేళ్లతో బెఱికి కట్టలు గట్టి యమ్ముచుండెను. చంకలో బిడ్డ. వదినెగారు వెంటనే బేరమునకు దిగిరి. మేము వారింపగా, "మనము కొనకున్న వెనుక వచ్చు కారువారు కొందురు, ఆమె పొట్ట కొట్టి మనకేమి పుణ్యము?" అనిరి. ఆ మాటకు వెంటనే బదులు దొరకలేదు. మేము పసుపును, పిప్పళ్లను, అడిగినంత ధరకు బేరములేక కొంటిమి. వదినెగారు పసుపుతో నొక మొక్కయు గొనిరి. ఆమెను దప్పుపట్టు మనసు మాకు గలుగలేదు. ఆ కొండమగువను మొదలే లేదు. అయినను, ప్రభుత్వపుటడవినుండి అనుమతి లేక మొక్కను బెఱుకుట నేరమను మాట యటుండగా, ఆ కట్టలోని మొక్కలు పెరుగుటకు బట్టిన యేండ్లు మా కన్నులముందు మెదలినవి.

ఏలయన, ఆర్కిడ్డు విత్తు దుమ్మువలె నుండును. ఒక్క కాయలో లక్షలు. మన కందిగింజకు, పెసరగింజకు తల్లి కట్టియిచ్చిన చద్దిమూట గలదు; దీనికి అదియు లేదు. గాలిలో గొట్టుకొనిపోయి బెరడుపై బడినచోట ఒక విధమైన బూజు దానికి ఆహార మందీయవలెను. ఆ బూజు తోడ్పడనిదే మొలకయే లేదు. మొలచినను పూచుటకు ఏండ్లు పట్టును. 1850లో హుకరను పండితుడు ఖాసీకొండలలో నీలపు వాండాలను ఏడుగురు మోయునంత బరువు గోయించి సీమకు బంపెను. ప్రాణముతో జేరినవి మిక్కిలి కొలది. 1922లో నడ్సను అనునతడు బూజు లేకయే, పంచదార గలిపిన పోషకద్రవ్యముపై గాజుబుడ్డిలో విత్తులను మొలిపించు మార్గము గనుగొనెను. అందువలననే నేడు కడియపు తోటలలో బెంపుడు ఆర్కిడ్డులు కుండీలలో అమ్మకమునకు వచ్చుచున్నవి. కొనదలచినవారు వానినే కొనవలెనని మా మనవి.

మా యింటనున్నది కొన్నది కాదు. మూడేండ్ల క్రిందట మా యూరి బాట వెడల్పు చేయుటకై ముసలి మామిళ్లను గొట్టించిరి. పడిన కొమ్మలను వంటచెఱకుగా బండికెత్తుచుండగా, మేము పిల్లలను వెంటబెట్టుకొనిపోయి బదనికలున్న కొమ్మముక్కలను అడిగి తెచ్చుకొంటిమి. బెరడును విడదీయలేదు, వేళ్లు తెగునను భయము. ముక్కకు కొబ్బరిత్రాడు గట్టి, పెరటి వేప క్రింద, తూర్పుటెండ తగిలి మధ్యాహ్నపుటెండ తగులనిచోట వ్రేలాడగట్టితిమి. విడివడిన రెండు మొక్కలను మాత్రము చుట్టును తూట్లు పొడిచిన మట్టికుండలలో బొగ్గు, ఇటుకముక్కలు వేసి నిలిపితిమి. మట్టి కూడదు. కొబ్బరిపీచు మంచిదే కాని మన కోస్తావానలకు నాని వేరు కుళ్లును. ఉదయమున నీరు చల్లుట, వేసవిలో సాయంకాలమును జల్లుట, వానలలో మానుట, ఇంతియే పని. వేరిపై తెల్లని దూదివంటి పొర యుండును, తడిసినపుడు పచ్చబడును. పచ్చబడిన చాలును, మఱి పోయనక్కఱలేదు. ఉప్పునీటి బావులవారు వాననీరు పట్టియుంచుకొనవలెను.

వదినెగారి మొక్క ఆ సంవత్సరపు టెండలకు తాళలేదు.

మా మామిడికొమ్మ రెండేండ్లు ఆకులనే చూపి, ఈ చైత్రమున నొక కాడ వేసినది. ఆఱు పూలు: పసుపుపచ్చ రేకులపై గోధుమవన్నె గళ్లు, నడుమ నీలపు నాలుక, దగ్గఱకు పోయినచో సన్నని తావి. రెండు వారములు వాడలేదు. అత్తగారు ఇప్పటికిని దానిని బదనిక యనియే పిలుచుచున్నారు. ఉదయమున నీరు చల్లుట మాత్రము ఇతరులకు విడువరు.