కన్ను ఒకరిది, కంగారు ఇద్దరిదీ

2022 ఆగస్టులో మా శ్రీమతి ఎడమకంటి మూలన మెరుపులు కనిపించసాగాయి. వెంటనే సాలెగూటి పోగుల వంటి నల్లని నలుసులు చూపుకు అడ్డు తేలాయి. టౌన్‌షిప్ ఆసుపత్రి నుండి రిఫరల్ లేఖ తీసుకొని మరునాడే నగరానికి వెళ్ళాము. రెటీనాకు చిరుగు పడినదని చెప్పి, ఆనాడే లేజర్ చికిత్స చేశారు. కొద్ది నిమిషాల పని.

లేజర్ చిరుగును కుట్టివేస్తుందని మన సహోద్యోగులలో పలువురి భావన. చిరుగు అలాగే ఉంటుంది. దాని చుట్టూ వరుసలుగా పెట్టిన సన్నని కాల్పులు మచ్చలై, రెటీనాను వెనుక పొరకు పట్టి ఉంచుతాయి. గండి చుట్టూ రింగ్‌బండ్ వేసినట్లన్నమాట. అవి గట్టిపడటానికి సుమారు రెండు వారాలు కావాలి. ఈ విద్యకు ఆద్యుడు గెర్డ్ మేయర్ ష్వికెరాత్ అనే జర్మన్ వైద్యుడు. 1945 సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకొన్న విద్యార్థిని పరీక్షించినప్పుడు ఆయనకీ ఊహ తట్టింది. తొలినాళ్ళలో అద్దాలతో సూర్యకాంతినే కంటిలోకి మళ్ళించాడు. హాని చేసిన ఎండే మందయింది!

లేజర్ మచ్చలు చక్కగా నిలిచాయి. నలుసులు పోలేదు, లేజర్ వాటి జోలికి పోదు. అసలు చిక్కు ధనుర్మాసంలో బయటపడింది. చుక్కలు సరిగా పెట్టినా ముగ్గుగీత వంకరపోతున్నదని ఆమె రెండుసార్లు చెరిపివేసింది. చూసేవారికి గీత తిన్నగానే ఉంది. కుడికన్ను మూసి చూస్తే తలుపు చట్రం సైతం నడుమ వంగినట్లు తోచింది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతకాలం మంచికన్ను ఈ లోపాన్ని కప్పిపుచ్చింది.

చిరుగు పడినప్పుడు అడుగు పొర కణాలు కొన్ని కంటిలోకి జారి, చూపుకు కేంద్రమైన మాక్యులా మీద పలుచని పొర కట్టవచ్చునట. ఆ పొర ముడుచుకొంటే కింది రెటీనా ముడతలు పడుతుంది. కళ్ళజోడు, చుక్కల మందు దానిని సరిచేయలేవు. కంటిలోని విట్రియస్ జెల్లీని తొలగించి, సన్నని పట్టుకారుతో పొరను ఒలవాలి. అందులోనే కొత్త చిరుగు పడవచ్చు. ఏభై దాటినవారికి శుక్లం త్వరపడుతుంది.

ఒక వైద్యుడు చేయించమన్నారు, మరొకరు ఆగమన్నారు. "ఉన్న చూపు కూడా పోతే?" అన్నది ఆమె ప్రశ్న. పిల్లలు ఫోనులో ఎంత చెప్పినా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆరు నెలలు ఆగాము. ఆ కంటికి దినపత్రిక అక్షరాలు కలగాపులగమైన తరువాత, 2023 జూన్‌లో సంతకం చేశాము. మునుపటి చూపు పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనని శస్త్రవైద్యుడు ముందే చెప్పారు. ఆ నిజాయితీయే మాకు ధైర్యమిచ్చింది.

గీతలు నెలల మీద నిదానంగా నిటారయ్యాయి. చెప్పినట్లే శుక్లం వచ్చింది, 2024లో తీయించాము. గోడకు అంటించిన గళ్ళకాగితాన్ని ఇప్పటికీ ఒక్కొక్క కంటితో చూసుకొంటుంది. నడిమి గళ్ళలో ఒకటి కొంచెం వంకరగానే ఉందట.