నిద్రపోని స్విచ్

మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లికి రాత్రివేళ లేచే శ్రమ తప్పించాలని కొడుకు స్మార్ట్ స్విచ్ కొని తెస్తాడు. బోర్డు విప్పితే రెండే వైర్లు: ఫేజ్ తెచ్చేది ఒకటి, దానిని దీపానికి చేర్చేది మరొకటి. చాలా పాత ఇళ్లలో న్యూట్రల్ నేరుగా దీపానికే పోతుంది. పాత స్విచ్‌కు దానితో పనిలేదు. ఆర్పితే ఊరకే ఉండేది.

కొత్తది నిద్రపోదు. దీపం ఆరినా, ఫోను నుంచి వచ్చే ఆజ్ఞ కోసం మేలుకొని ఉండాలి. అందుకే చాలా రకాలకు న్యూట్రల్ తప్పనిసరి. అది లేనిచోట కొందరు చేతికందిన ఆకుపచ్చ ఎర్త్ వైరును కలుపుతారు. స్విచ్ పనిచేస్తుంది, ప్రమాదం కనిపించదు. కాని ఎర్త్ ఉన్నది ఆపదలో ప్రాణం కాపాడడానికి, నిత్యం కరెంటు మోయడానికి కాదు. అది ఎక్కడో తెగిననాడు ఫ్రిజ్ తలుపుకో, గీజరు తొడుగుకో కరెంటు ఎక్కవచ్చు.

ఇటువంటి ఇంట్లో ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్ లాగించాలి. లేదా అది అక్కరలేని రకం ఎన్నుకోవాలి. ఆ రకంలో దీపం ఆరినా స్వల్పంగా కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. కనుక బల్బు మార్చాలన్నా ముందు మెయిన్ ఆపాలి. చీకటి కనిపించినంత మాత్రాన కరెంటు లేదనుకోరాదు.