120 గ్రాముల పొట్లం

బీటీ పత్తి విత్తనం కొంటే రెండు పొట్లాలు వచ్చేవి. పెద్దది 450 గ్రాములు, ఎకరానికి సరిపడా. చిన్నది 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ చిన్న పొట్లం చాలామటుకు గట్టు దాటి చేలోకి దిగేది కాదు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఎక్కడ ఏ ముప్పు ఉందో పట్టిక రాయడం నా ఉద్యోగం. ఆ పని నాకు ఎక్కువగా నేర్పింది ఈ పొట్లమే.

2002లో బీటీ పత్తికి అనుమతిస్తూ కేంద్రం ఒక షరతు పెట్టింది. చేలో ఐదోవంతు గానీ, చుట్టూ ఐదు సాళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంత మేర బీటీ కాని పత్తి వేయాలి. ఆ చిన్న పొట్లం అందుకే. బీటీ మొక్కలోని విషాన్ని తట్టుకునే పురుగులు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి. వాటిలో అవే జతకడితే మొండి సంతతి పెరుగుతుంది. మామూలు పత్తి మీద పెరిగినవి పక్కన బోలెడుంటే వాటితో జతకడతాయి, పుట్టిన పిల్లలు బీటీ తిని చస్తాయి. 1980ల్లో పైరెత్రాయిడ్ మందులు కొట్టి కొట్టి తెల్లదోమను పెంచుకున్న నేల ఇది. అలాంటిచోట ముందే జాగ్రత్తపడటం మెచ్చుకోవాల్సిందే.

అయితే కౌలు రైతు ఏమంటాడు? “పురుగును మేపడానికా నేను కౌలు కట్టేది?” న్యాయమైన ప్రశ్నే. ఐదు సాళ్ల నష్టం అతనొక్కడిది, లాభం ఊరందరిదీ, విత్తన కంపెనీదీ. పక్కవాడు వేయకపోతే ఇతను వేసినా ఒరిగేది తక్కువ.

శనగపచ్చ పురుగు మిరప, కంది, శనగల మీదా బతుకుతుంది కాబట్టి ఆ పొట్లం పని కొంత మన మిరప చేలే చేసిపెట్టాయి. గులాబీ రంగు పురుగుకు మాత్రం పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. అది మొదట గుజరాత్‌లో బీటీని తట్టుకుంది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బోల్‌గార్డ్-2 కూడా దానిముందు ఎక్కువకాలం నిలవలేదు. అమెరికాలోని అరిజోనా రైతులు ఇలాంటి షరతునే పాటించారు. 2018లో అమెరికా తన పత్తి చేలలో ఆ పురుగే లేదని ప్రకటించింది. వాళ్లు వంధ్య పురుగుల్ని కోట్లలో వదిలారనుకోండి, ఆ ఖర్చు వేరే.

ఇప్పుడు నా పట్టికలో ప్రతి జాగ్రత్త పక్కనా ఒక గడి ఉంటుంది: దీని నష్టం ఎవరి జేబుకు? ఆ గడి ఖాళీగా ఉంటే జాగ్రత్త గట్టు మీదే ఉందని నాకు అర్థమైపోతుంది.

ఆ పొట్లం పక్కన నాకు కనిపించేది ఖాళీ గడే. విత్తనం ధర మీదైతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గట్టిగానే పోరాడింది. గుత్తాధిపత్యాన్ని అరికట్టే ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి, 1,600 పైన పలికే ప్యాకెట్‌ను 2006లో 750 రూపాయలకు దించింది. ఐదు సాళ్లకు రైతుకు ఎంత ముట్టజెప్పాలన్న బేరం మాత్రం నేనెక్కడా వినలేదు. మామూలు గింజల్ని బీటీ గింజల్లోనే కలిపి అమ్మడం చాలా ఏళ్లకు గానీ రాలేదు.