కుందేలుకు లంఖణం

మా యింటికి క్రొత్తగా వచ్చిన కుందేలుపిల్ల మూడవనాడు మేత ముట్టలేదు. వీపు వంచి మూలకు ఒదిగి కూర్చున్నది. పెంటికలు చిన్నవై, పిమ్మట కనబడకుండా పోయినవి. "లంఖణం పరమౌషధం, ఒక పూట ఊరుకోండి" అన్నారు పొరుగువారు. మనుష్యుల మాట ఏమైనా, కుందేలుకు ఉపవాసమే ప్రాణగండం. పీచు ఎడతెగక సాగుతుంటేనే దాని ప్రేగులు కదులుతాయి. 12 గంటలు తినకపోతే ఆపదే. పైగా అది వాంతి చేసుకోలేని జంతువు.

అమ్మినవాడు మరిపినవి గింజలు. వీధి పిల్లలు ముద్దుగా అందించినవి క్యారెట్లు. బొమ్మల పుస్తకాలన్నీ కుందేలు చేతికి క్యారెట్టే ఇచ్చాయి మరి! తీపీ పిండీ మితిమీరితే దాని అంధనాళంలోని సూక్ష్మజీవుల పొందిక చెడుతుంది. దాని అసలు ఆహారం గడ్డి. అంధనాళంలో తయారైన మెత్తని గుళికలను అది మళ్ళీ తింటుంది; చూచి అసహ్యించుకోనక్కరలేదు, అది దాని పోషణ.

పశువైద్యుడు పొట్ట తడిమి, ప్రేగుల్లో అడ్డు లేదని తేల్చుకొని, చర్మం క్రింద సెలైన్ ఎక్కించి, నొప్పికి మందిచ్చి, సిరంజితో మేత పట్టమన్నారు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిల్లిన్ వంటివి నోట వేయరాదనీ హెచ్చరించారు. మా అమ్మ రాత్రంతా దానిని ఒడిలో ఉంచుకొని కూర్చున్నది. తెల్లవారి నాలుగు పెంటికలు కనబడగానే ఇంటిల్లిపాదికీ పండుగైంది. ఇప్పుడు కళాశాలకు బయలుదేరే ముందు రోజూ గట్టున గరిక కోసుకొని వస్తున్నాము.