యంత్రములో యంత్రము

మా బడిలో కంప్యూటర్లు కొలదిగ నున్నవి. నేర్వగోరు పిల్లలు పెక్కుమంది. అరకులోయ చుట్టునుగల కొండగూడెముల నుండి వచ్చు ఈ బాలబాలికలకు బుద్ధికి కొఱత లేదు, భయమే యధికము. "పాడైపోద్దేమో మాస్టారూ!" అని మీటపై వ్రేలుంచుటకే వెనుదీయుదురు. ఆ భయము నిష్కారణము కాదు. ఒక యంత్రము చెడినచో బాగుచేయించుటకు విశాఖపట్టణము పోవలసియుండును.

ఈ చిక్కునకు మాకు దొరకిన యుపాయము "వర్చువల్ మెషీన్", అనగా నిజమైన కంప్యూటరులోపల ప్రోగ్రాముచే కల్పింపబడిన మఱియొక కంప్యూటరు. మన తోటలలో ఒకే నేలమీద సిల్వర్ ఓకు చెట్టు, దాని నల్లుకొన్న మిరియపుతీగ, నీడలో కాఫీమొక్క పెరుగుచున్నవి గదా! అట్లే ఒక యంత్రపు మెమరీని, ప్రాసెసరును పెక్కు కల్పితయంత్రములు పంచుకొనును. ప్రతిదియు తానే పూర్ణయంత్రమైనట్లు నడచును. ఈ పంపకము చేయు ప్రోగ్రామును "హైపర్‌వైజరు" అందురు.

ఈ యూహ లేమినుండియే పుట్టినది. 1960వ దశకమున కంప్యూటరు గదినిండ నుండు మిక్కిలి ఖరీదైన వస్తువు. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐబీఎం పరిశోధకులు, ఒక్క యంత్రమునే పలువురు ఎవరికి వారు సొంతమైనట్లు వాడుకొనుటకై సీపీ-40 అను వ్యవస్థను నిర్మించిరి. 1967లో అది వాడుకలోనికి వచ్చెను. 1972లో ఐబీఎం వీఎం/370ను ప్రకటించెను. పిమ్మట చిన్న కంప్యూటర్లు చౌకగ దొరకుటచే ఈ విద్య కొంత మఱుగుపడెను. 1999లో వీఎంవేర్ సంస్థ దానిని మేజాబల్లపై నుండు కంప్యూటర్లకును తెచ్చెను. నేటి "క్లౌడు" సేవలు చాలవఱకు దీనిపైననే నిలిచియున్నవి.

మేము ఉచితముగ లభించు వర్చువల్‌బాక్సులో లైనక్సును నెలకొల్పి, ఆ స్థితిని "స్నాప్‌షాట్"గ భద్రపఱచి, "దీనిని చెడగొట్టి చూడుడు" అని పిల్లలకు చెప్పితిమి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ముఖ్యమైన ఫైళ్లనే తుడిచివేసెను. తెర నల్లబడగా ఆమె మోము వెలవెలబోయెను. కొలది నిమిషములలో పాతస్థితి మరల వచ్చెను. "ఇంకోసారి చేస్తాను మాస్టారూ!" అనెను. ఈమాఱు ఏ ఫైలు తుడిచిన ఏమగునో నోటుపుస్తకమున వ్రాసికొనుచు చేసెను.

ఐనను నేలసారమునకు మించి పంట రానట్లు, కల్పితయంత్రము లేని బలమును తేజాలదు. మెమరీ చాలనిచో అది కుంటుచు నడచును; కరెంటు పోయిన ఆగిపోవును. కావున ఈ యుపాయమున్నది గదా యని కొండబడులకు కంప్యూటర్లు తగ్గింపరాదు. వస్తువులు కొలదియైనచోట తప్పు చేయుటకు పిల్లలు జంకుదురు. జంకు వదలక విద్య యబ్బదు. తప్పుచేసి దిద్దుకొనుటకు వారికి చోటు కల్పించుట ఉపాధ్యాయుల విధి.