ఊరి చిలుకకు అనుమతి లేదు!

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో, ఎర్దండి వైపు గోదావరి ఒడ్డు చేలల్లో, మక్క కంకులు పాలు పోసుకునే వేళకి రామచిలుకలు గుంపులుగా దిగుతాయి. రైతుకేమో అవి కంకి దొంగలు. పిల్లలకి మాత్రం... ఒక్కటైనా ఇంట్లో ఉండాలని ఆశ! చెట్టు తొర్రలోంచి కూనను తెచ్చి, జామపండు పెట్టి మాటలు నేర్పడం మన పల్లెల్లో పాత ముచ్చటే.

చట్టం దృష్టిలో అది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టకూడదు, అమ్మకూడదు, పంజరంలో పెట్టకూడదు. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. జోస్యం చెప్పే చిలుకకీ మినహాయింపు లేదు. దసరానాడు పాలపిట్టను బంధించి చూపించి డబ్బులడగడమూ తప్పే. పొలిమేరలో ఎగిరేదాన్ని చూడాలి గానీ!

విచిత్రమేంటంటే, ఎక్కడో దక్షిణ అమెరికా అడవుల మకావ్‌ని, ఆఫ్రికా బూడిదరంగు చిలుకని పెంచుకునే వీలుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, కొన్న 30 రోజుల్లోగా 'పరివేష్' పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, ప్రాణి చనిపోయినా, ఇంకొకరికిచ్చినా తెలపాలి. బడ్జెరిగార్, కాక్‌టీల్ పిట్టలకి ఈ బాదరబందీ లేదు.

అదృష్టమంటూ అమ్మే నక్షత్ర తాబేలు జోలికి మాత్రం అసలు వెళ్లొద్దు. దానికి శిక్ష మూడేళ్ల నుంచే మొదలు. ఏ ప్రాణినైనా కొనేముందు పేరు కచ్చితంగా తెలుసుకుని, అమ్మేవారి నమోదు కాగితం చూశాకే డబ్బు తీయాలి.