వైట్ టవర్ మెట్ల కింద ఎవరి ఎముకలు?

లండన్ వెళ్ళిన మనవాళ్ళు టవర్ ఆఫ్ లండన్‌కి పరిగెత్తేది కోహినూర్ కోసమే. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం మరి! తప్పకుండా చూడండి. కానీ అక్కణ్ణించి నాలుగడుగులు వేసి వైట్ టవర్ మెట్ల దగ్గరికి కూడా వెళ్ళండి. అయితే ముందు ఒక నవల చదివి వెళ్ళాలి సుమా.

జోసెఫిన్ టే అనే స్కాట్లాండ్ రచయిత్రి 1951లో రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్'. డిటెక్టివ్ నవలే గానీ ఇందులో డిటెక్టివ్ మంచం దిగడు! కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్న ఇన్‌స్పెక్టర్ గ్రాంట్‌కి కాలక్షేపంగా స్నేహితురాలు పాత బొమ్మలు కొన్ని తెచ్చిస్తుంది. ఒక ముఖం చూసి న్యాయమూర్తి కాబోలు అనుకుంటాడు. తీరా చూస్తే మూడవ రిచర్డ్! అన్న కొడుకులిద్దర్నీ చంపించాడని చిన్నపిల్లలు సైతం చెప్పుకునే రాజు. ఆ బొమ్మ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలోది. వేలి ఉంగరం తిప్పుకుంటూ, ఏదో దిగులుతో ఉంటాడు.

1483లో తండ్రి పోయాక పన్నెండేళ్ళ పెద్దవాణ్ణీ, తొమ్మిదేళ్ళ చిన్నవాణ్ణీ టవర్‌లో ఉంచారు. ఆ వేసవి తర్వాత వాళ్ళనెవరూ చూడలేదు. బాబాయి రాజయ్యాడు. 1674లో మెట్లు పడగొడుతుంటే కింద పెట్టెలో చిన్నపిల్లల ఎముకలు బయటపడ్డాయి. అవి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, మొదటి ఎలిజబెత్ సమాధికి దగ్గర్లో పాలరాతి పాత్రలో ఉన్నాయి.

మంచం మీదనుంచే గ్రాంట్ చరిత్రని బోనెక్కిస్తాడు. అందరూ నమ్మిన కథ థామస్ మోర్ రాసింది. మరి ఆ ఏడాదికి మోర్ వయసెంత? ఐదేళ్ళు!

నన్ను పట్టి ఊపింది మాత్రం ఆ పిల్లల తల్లి ఎలిజబెత్ ఉడ్‌విల్ సంగతి. మరిదికి భయపడి ఆడపిల్లలతో, చిన్న కొడుకుతో ఆబీలో తలదాచుకుంది. పెద్దలొచ్చి నచ్చజెబితే కొడుకుని అప్పగించింది. 1484 మార్చిలో, ఏ హానీ చెయ్యనని రిచర్డ్ పదిమందిలో ప్రమాణం చేశాక, కూతుళ్ళతో బయటికొచ్చింది. కొడుకుల్ని చంపినవాడికి ఏ తల్లయినా కూతుళ్ళని అప్పగిస్తుందా అంటాడు గ్రాంట్. వాదన బాగానే ఉంది. కానీ ఐదుగురు ఆడపిల్లల్ని పెట్టుకుని, చేతిలో అధికారం లేని విధవరాలు ఎన్నాళ్ళని చర్చిలో కూర్చుంటుంది? మీరే చెప్పండి. ఇక్కడ నాకు గ్రాంట్‌తో పేచీ. అసలు హంతకుడెవరని ఆయన తేల్చాడో మాత్రం చెప్పను, చదువుకోండి.

ఓపికుంటే లెస్టర్ కూడా చూసి రండి. లండన్ సెయింట్ పాంక్రస్‌లో రైలెక్కితే గంట పైచిలుకు. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో చనిపోయిన రిచర్డ్ ఎముకలు 2012లో అక్కడి కార్ల పార్కింగ్ కింద దొరికాయి. అక్కచెల్లెళ్ళలో ఒకామె వంశంవారి డి.ఎన్.ఏ.తో పోల్చి ఆయనేనని తేల్చారు. షేక్‌స్పియర్ నాటకంలో గూని, ఎండిన చెయ్యి; ఎముకల్లో చూస్తే వెన్ను పక్కకి వంకర, చేతులు రెండూ మామూలే. 2015లో కెథడ్రల్‌లో మళ్ళీ సమాధి చేశారు. దొరికిన గుంట మీద అద్దం పరిచి ఉంచారు, చూడొచ్చు. పిల్లల గొడవ మాత్రం ఆ ఎముకలు తేల్చలేదు. ఆబీలోని పాత్రని డి.ఎన్.ఏ. పరీక్షకి ఇంతవరకు తెరవనివ్వలేదు.

అన్నట్టు, లెస్టర్‌లో ఆకలేస్తే బెల్‌గ్రేవ్ రోడ్డుకి వెళ్ళండి. వీధి పొడవునా గుజరాతీల మిఠాయి కొట్లు, చీరల కొట్లు. ఢోక్లా, ఫాఫడా దొరుకుతాయి.